హెచ్ఎంలకు బహిరంగ లేఖ: బెత్తం తీసేశాం సరే, దాని చోట ఏం పెట్టాం?

రెండు తెలుగు రాష్ట్రాల హైస్కూల్ ప్రధానోపాధ్యాయులకు, గురుకులాల ప్రిన్సిపాళ్లకు, ప్రైవేటు బడుల కరస్పాండెంట్లకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని. అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. జూన్‌లో బడులు తెరిచేలోపు, కుదరకపోతే తెరిచిన మొదటి వారంలో, ఒక పూట స్టాఫ్ మొత్తాన్ని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్నకి జవాబు తేల్చండి. మన బడిలో పిల్లలు తప్పు చేస్తే ఏం చేస్తాం? ఏం చెయ్యకూడదో చట్టం చెప్పేసింది, అది అందరికీ తెలుసు. ఏం చేస్తాం అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. పుస్తకాల పంపిణీకి మీటింగ్ పెడతాం, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న) పరీక్షల టైంటేబుల్‌కి పెడతాం, యాప్‌లో ఫొటోలు ఎవరు ఎక్కించాలో తేల్చుకోవడానికి కూడా పెడతాం. రోజూ ప్రతి పీరియడ్‌లో మన గొంతు ఎండిపోయేలా చేసే ఈ విషయంలో మాత్రం ఎవరి తంటాలు వాళ్లవే. తెలుగు మాస్టారి క్లాసులో ఒక రూలు, సైన్స్ మేడమ్ క్లాసులో ఇంకో రూలు, కొత్తగా డీఎస్సీలో వచ్చిన పిల్ల టీచర్ క్లాసులో ఏ రూలూ లేదు, ఆవిడ ఏడుస్తూ స్టాఫ్ రూముకి వస్తే "మొదట్లో అలాగే ఉంటుందిలేమ్మా" అని ఓదార్చడం తప్ప మనం చేసేదేమీ లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నియమాలు మార్చి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, దాని 17వ సెక్షన్ ప్రకారం శారీరక శిక్ష, మానసిక వేధింపు రెండూ కుదరవు. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి వెళ్లగొట్టడానికి లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈ చట్టాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఇవి రావాల్సినవే, ఇంకా ముందే రావాల్సింది. కోదండం వేయించిన రోజులు, వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టి నొక్కిన రోజులు, తొడపాశాలు, గోడకుర్చీలు మళ్లీ ఎవరికీ రాకూడదు. నా బాధల్లా ఏమిటంటే బెత్తం పట్టుకెళ్లారు గానీ దాని చోట పెట్టాల్సింది ఏమిటో శిక్షణల్లో మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ ఖాళీలోకి అరుపులు వచ్చాయి, క్లాసు బయట నిలబెట్టడం వచ్చింది, "టీసీ ఇచ్చి పంపేస్తా" వచ్చింది, "మీ నాన్నని తీసుకురా" వచ్చింది, చాలాచోట్ల "మనకెందుకులే, జీతం వస్తోంది కదా" వచ్చింది. ఈ చివరిదే అన్నిటికన్నా ప్రమాదం.

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక హైస్కూల్ హెడ్మాస్టారు అసెంబ్లీలో పిల్లల ముందు సాష్టాంగపడి, తానే గుంజీలు తీసిన వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. కొట్టలేం, తిట్టలేం, చేతులు కట్టుకుని ఉండాల్సి వస్తోంది అని ఆయన గోడు. మంత్రి లోకేశ్ గారు కూడా ఆయన్ని అభినందిస్తూ పోస్టు పెట్టారు. ఆయన నిజాయితీకి నేను కూడా దండం పెడతాను, కానీ నాకు అందులో కనిపించింది వేరు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి కొట్టడానికీ చేతులు కట్టుకోవడానికీ మధ్య మూడో దారి ఉందని మన వ్యవస్థ చూపించలేకపోయింది. ఆ మధ్య దారి గురించే ఈ ఉత్తరం.

ముందు స్టాఫ్ రూములో తప్పకుండా వచ్చే మాట ఒకటి తేల్చేసుకుందాం. "మనం తినలేదా దెబ్బలు, బాగుపడలేదా?" అని. తిన్నాం, మాస్టర్లం అయ్యాం, నిజమే. కానీ మనతో పాటు అదే బెంచీ మీద కూర్చుని, అవే దెబ్బలు తిని, ఆరో తరగతిలోనో ఏడులోనో బడి ఎగ్గొట్టి గేదెల వెంటా, మెకానిక్ షెడ్డులోకీ వెళ్లిపోయినవాళ్లు ఇవాళ స్టాఫ్ రూములో లేరు, వాళ్ల మాట చెప్పడానికి. దండం దశగుణం భవేత్ అనే మాటకి సాక్ష్యం చెప్పేది ఎప్పుడూ దెబ్బలు తట్టుకుని నిలబడినవాళ్లే. తల్లిదండ్రులు కూడా "కళ్లు రెండూ వదిలేసి తోలు తీసెయ్యండి సార్" అంటారు, అది వాళ్లు మన మీద పెట్టుకున్న నమ్మకం చెప్పే తీరు. దాన్ని అనుమతి పత్రంగా తీసుకోకూడదు.

ఇక అసలు విషయం. పిల్లవాడు తప్పు చేశాక మనం ఏం చేసినా దాని వల్ల రెండు పనులు జరగాలి: చెడిన పని బాగుపడాలి, వాడు మళ్లీ క్లాసులో కూర్చుని చదువుకోవాలి. ఈ రెండూ జరగకపోతే మనం చేసింది మన కోపం తీర్చుకోవడమే. వియన్నాలో పుట్టి తర్వాత షికాగోలో పనిచేసిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు పోయిన శతాబ్దంలోనే ఈ తేడా వివరంగా చెప్పాడు. శిక్ష అనేది పెద్దవాళ్ల అధికారం చూపించడానికి, పర్యవసానం అనేది తప్పుకీ దాని ఫలితానికీ ఉన్న లంకె పిల్లవాడికి కనపడటానికి. లెక్క చెయ్యకపోతే గుంజీలు తీయించాం అనుకోండి, లెక్కకీ మోకాళ్లకీ ఏం సంబంధం? లెక్క చెయ్యకపోతే లెక్క చేయించాలి, అదే రోజు, ఇంటర్వెల్లో, పక్కన కూర్చోబెట్టుకుని.

ఒకటి వివరంగా చెప్తాను. ఎనిమిదో తరగతి కుర్రాళ్లు ముగ్గురు భోజనాల దగ్గర చేతులు కడుక్కునే కుళాయి ఒకటి తిప్పి తిప్పి ఊడబెరికారు, నీళ్లు ఎగజిమ్మి అందరూ తడిసి ఒకటే కేకలు. పాత పద్ధతి అయితే పీఈటీ గారు తలో రెండు తగిలించేవారు, పది నిమిషాల్లో వాళ్లు చేతులు దులుపుకుని హీరోల్లా వెళ్లిపోయేవాళ్లు, కుళాయికి మాత్రం గుడ్డ చుట్టి దసరా దాకా అలాగే ఉంచేవాళ్లం. మా హెచ్ఎం మేడమ్ అరవలేదు. ప్లంబర్‌ని పిలిపించి, సాయంత్రం ఆటల పీరియడ్‌లో ముగ్గురినీ అతని పక్కన నిలబెట్టారు. పాత ముక్క ఎలా తియ్యాలో, టెఫ్లాన్ టేపు ఎటువైపు చుట్టాలో అతను చూపిస్తుంటే వాళ్లే చుట్టారు. మొదటిసారి వదులుగా చుట్టారు, కారింది, విప్పి మళ్లీ చుట్టారు. ఆటల పీరియడ్ మొత్తం పోయింది, అవతల వాళ్ల టీమ్ కబడ్డీ ఆడుతోంది, వీళ్లు తడి చొక్కాలతో టేపు చుడుతున్నారు. ఖర్చు స్కూల్ గ్రాంట్లోంచే పెట్టారు, ఇంటికి కబురు పంపలేదు. ఆ వారం భోజనాల టైంలో కుళాయిల దగ్గర లైను చూసుకునే బాధ్యత కూడా ఆ ముగ్గురికే ఇచ్చారు. శుక్రవారానికల్లా అందులో ఒకడు ఆరో తరగతి పిల్లల్ని "మెల్లగా తిప్పరా, లోపల వాషర్ పోద్ది" అని గదమాయిస్తున్నాడు. శనివారంతో ఆ విషయం అయిపోయింది, ఏ మాస్టారూ మళ్లీ ఎత్తి పొడవలేదు. ఈ చివరిది చాలా ముఖ్యం సార్. తప్పు సరిచేసిన తర్వాత కూడా ఏడాది పొడుగునా "కుళాయి గాడు" అని పిలిస్తే వాడు బాగుపడటానికి దారే ఉండదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇలా చెప్పగానే కొందరు "అయితే టాయిలెట్లు కడిగిద్దాం" అంటారు. వద్దు. ఎవరు పారబోసింది వాళ్లు తుడవడం, ఎవరు గీసిన గోడకి వాళ్లు సున్నం వెయ్యడం వేరు, ఇది వేరు. టాయిలెట్లు కడిగించడం, బడి మొత్తం ఊడిపించడం మన ఊళ్లలో ఎవరి పిల్లలకి ఎక్కువగా వస్తుందో మీకు తెలుసు, నాకు తెలుసు. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకడికి చీపురు, ఇంకొకడికి మందలింపు వచ్చిందంటే అక్కడ పిల్లలు నేర్చుకునేది కులం. అలాగే మధ్యాహ్న భోజనం ఆపడం, నీళ్లకీ బాత్‌రూముకీ పంపకపోవడం, ఇవి ఏ తప్పుకీ పర్యవసానాలు కావు. సర్పంచ్ గారి అబ్బాయికీ కూలి చేసుకునేవాళ్ల అబ్బాయికీ ఒకటే వర్తించాలి. ముందే రాసి పెట్టుకోమని నేను అడగడానికి పెద్ద కారణం ఇదే, కోపం మీద ఉన్నప్పుడు మన చెయ్యి ఎప్పుడూ బలహీనుడి మీదకే వెళ్తుంది.

రెండో సంగతి. పర్యవసానం ఎంత పెద్దదనే దానికన్నా వస్తుందా రాదా అనేదే ముఖ్యం. మన క్లాసుల్లో రోజూ వినపడే మాట "ఇంకోసారి చేశావంటే చూడు". ఆ ఇంకోసారి నాలుగైదుసార్లు గడిచిపోతుంది, ఆరోసారికి మనకి ఒళ్లు మండి ఆరుసార్ల కోపం ఒకేసారి కక్కేస్తాం. వాడికేమో "మొన్న ఇదే చేస్తే ఏమీ అనలేదు కదా, ఇవాళ ఎందుకు" అనిపిస్తుంది, అందులో న్యాయం ఉంది కూడా. చిన్నదైనా మొదటిసారే రావాలి, ప్రతిసారీ రావాలి, అందరు టీచర్ల దగ్గరా అదే రావాలి. క్లాసులో అదే పనిగా మాట్లాడితే ఆ పీరియడ్‌కి ముందు బెంచీకి మారాలి, అంతే. అరుపు లేదు, ఉపన్యాసం లేదు, నీ బతుకు ఇంతే అని జోస్యం లేదు. "లేచి ఇక్కడ కూర్చో నాన్నా" అని చెప్పి బోర్డు వైపు తిరిగి లెక్క కొనసాగించడమే. ఏ తప్పుకి ఏమిటో ముందే తెలిస్తే పిల్లలు కూడా పెద్దగా వాదించరు, ఇది నేను నా క్లాసుల్లో చూస్తున్న సంగతి.

ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి తీసుకోండి. గేటు బయట ఎండలో నిలబెట్టడం దాదాపు ప్రతి బడిలోనూ ఉంది. మా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి రోజూ గేటు దగ్గరే దొరికేది, మొదటి పీరియడ్ లెక్కలు, రోజూ పోయేది, యూనిట్ టెస్టులో ఆ అధ్యాయాలే రాయలేకపోయేది. ఆలస్యానికి శిక్షగా ఇంకొంత ఆలస్యం చేస్తున్నామన్నమాట. అడిగితే తేలిందేమిటంటే వాళ్ల ఊరి నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సే ఆలస్యం, దాని ముందుది తెల్లారగట్ల వస్తుంది. ఆ అమ్మాయికి కావాల్సింది పర్యవసానం కాదు, మొదటి పీరియడ్‌ని రెండో పీరియడ్‌తో మార్చడం, టైంటేబుల్లో అయిదు నిమిషాల పని. అదే బడి పక్క వీధిలో ఉండి బజ్జీల బండి దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చేవాడికి మాత్రం పోగొట్టుకున్న పని మధ్యాహ్నం తిన్న తర్వాత పూర్తి చేయించాలి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి ఎండలో నిలబెడితే ఇద్దరిలో ఎవరికీ మేలు జరగదు.

ఇప్పుడు ఆపేయాల్సినవి కొన్ని. ఇంపోజిషన్లు. "నేను క్లాసులో అల్లరి చేయను" అని వందసార్లు రాయమంటే పిల్లలు ఎలా రాస్తారో చూశారా? పై నుంచి కిందికి "నేను నేను నేను" అని ఒక వరస, దాని పక్కన "క్లాసులో క్లాసులో" అని ఇంకో వరస. రెండు పెన్నులు కలిపి కట్టి రాసేవాళ్లు కూడా ఉన్నారు. అల్లరి గురించి వాళ్లు ఒక్క క్షణం ఆలోచించరు, చేతిరాత పాడవుతుంది, రాయడమంటే శిక్ష అని మాత్రం బుర్రలో పడిపోతుంది. రాయడం మనం ప్రేమగా నేర్పాల్సిన పని కదా. మార్కులు కొయ్యడం ఆపండి, ఎఫ్ఏ మార్కులు పాఠం ఎంత వచ్చిందో చెప్పాలి, ప్రవర్తన ఎలా ఉందో చెప్పడానికి అవి పెట్టలేదు. స్లిప్ టెస్టులో కాపీ కొడితే సున్నా వేసి వదిలెయ్యకండి, ఇంకో పేపరు ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టి రాయించండి, వాడికి అసలు భయం అదే. ఒకడు ఈల వేస్తే క్లాసంతా నిలబెట్టడం ఆపండి, ఈల వేసినవాడు లోపల నవ్వుకుంటాడు, నిలబడ్డ మిగతావాళ్ల కోపం వాడి మీదకి పోదు, మన మీదకి వస్తుంది. ఫోన్ దొరికితే నేలకేసి కొట్టకండి, అది వాళ్ల అమ్మ డ్వాక్రా లోన్‌లో కొన్నదై ఉండొచ్చు. తీసుకుని కవర్లో పేరు రాసి బీరువాలో పెట్టి ఇంటివాళ్లు వచ్చినప్పుడు ఇవ్వండి.

ప్రైవేటు బడుల వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట, ఈ ఫైన్ల గురించి. లేటొస్తే ఫైను, ఆబ్సెంట్ అయితే ఫైను, తెలుగులో మాట్లాడితే ఫైను. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో యూరీ గ్నీజీ, ఆల్డో రుస్తికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పది డేకేర్ సెంటర్లలో చేసిన పరిశీలన 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి కొన్ని సెంటర్లలో ఫైను పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. టీచరమ్మని కూర్చోబెడుతున్నామే అన్న మొహమాటం పోయి, డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా వచ్చింది. ఫైను ఎత్తేసిన తర్వాత కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. మన దగ్గర అయితే ఇంకో అన్యాయం కూడా ఉంది, తప్పు పిల్లవాడిది, కట్టేది నాన్న. ఉన్నవాడికి అది లెక్కలోకి రాదు, లేనివాడు ఆ ఫైనుకి భయపడి ఆ రోజు అసలు బడికే రాడు. తెలుగులో మాట్లాడినందుకు ఫైను గురించి ఏం చెప్పను, అది తప్పే కాదు.

సిగ్గుపరచడం గురించి గట్టిగానే చెప్పాలనుంది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ బీహెచ్ఈఎల్ వైపు ఒక ప్రైవేటు బడిలో యూనిఫాం వేసుకు రాలేదని అయిదో తరగతి పాపని మగపిల్లల టాయిలెట్లో నిలబెట్టారు. ఉతికిన యూనిఫాం ఆరలేదని ఇంటి దగ్గర్నుంచి డైరీలో రాసి పంపారు కూడా. పాపకి పదకొండేళ్లు. వార్త వచ్చినప్పుడు అందరం అయ్యో అన్నాం, కానీ దానికి చిన్న తమ్ముళ్లు మన బడుల్లో రోజూ ఉన్నాయి. అసెంబ్లీలో పేరు పిలిచి నిలబెట్టడం, మగపిల్లవాడిని ఆడపిల్లల మధ్య కూర్చోబెట్టడం (ఆడపిల్లల పక్కన కూర్చోవడమే శిక్ష అంటే ఆ ఆడపిల్లలకి మనం ఏం చెప్తున్నట్టు?), జుట్టు పెరిగిందని అందరి ముందూ కత్తిరించడం, ఫీజు కట్టలేదని పరీక్షలో లేపడం. ఇవన్నీ 17వ సెక్షన్ చెప్పే మానసిక వేధింపు కిందకే వస్తాయి, ఒంటి మీద చెయ్యి పడనంత మాత్రాన చట్టం దాటలేదు అనుకోకండి. అందరి ముందూ పరువు పోయిన పదిహేనేళ్లవాడికి పోగొట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు, అలాంటివాడిని ఆపడం ఎవరి తరమూ కాదు. చెప్పాల్సింది విడిగా పిలిచి చెప్పండి, అయిదు నిమిషాలు చాలు.

పేరెంట్స్‌ని పిలవడం చిన్న పర్యవసానం అనుకుంటాం. కాదు, చాలా పెద్దది. అమ్మ కూలి మానుకుని రావాలి, ఆ రోజు ఇంట్లో ఆదాయం లేదు. నాన్న వస్తే మన ముందే బెల్టు తియ్యడానికి సిద్ధం, మనం కొట్టని దెబ్బలు ఆయన చేత కొట్టించామన్నమాట. ఇంతకన్నా ఘోరం ఆడపిల్లల విషయంలో. పదో తరగతి అమ్మాయి నోట్సులో ఎవరో రాసిన చీటీ దొరికితే, ఆ చీటీ ఆ పిల్లకి తెలియకుండా పెట్టింది అయినా సరే, ఇంటికి కబురు వెళ్లిందంటే చాలా ఊళ్లలో దాని పర్యవసానం పెళ్లి. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండకుండా పెళ్లి నేరమే, కానీ దసరా సెలవలకి వెళ్లిన పిల్ల తిరిగి రాకపోతే మన రిజిస్టర్‌లో డ్రాపవుట్ అని ఒక్క ముక్క పడుతుంది, అంతే. కబురు పంపే ముందు ఆ కబురు ఆ ఇంట్లో ఏం చేస్తుందో ఒక్కసారి ఆలోచించండి. తల్లిదండ్రులతో తప్పకుండా మాట్లాడాలి, అయితే మొదటి ఫోన్ మంచి మాట చెప్పడానికి చెయ్యాలి. "మీవాడు ఇవాళ బోర్డు మీద లెక్క బాగా చేశాడమ్మా" అని జూలైలో ఒక ఫోన్ చేసి ఉంటే నవంబరులో ఫిర్యాదు చెప్పినప్పుడు ఆ తల్లి మన వైపు నిలబడుతుంది.

అల్లరి చేసేవాళ్లలో అందరికీ పర్యవసానాలు పనిచెయ్యవు, ఈ మాట కూడా ఒప్పుకోవాలి. చివరి బెంచీలో కూర్చుని పక్కవాడిని గిల్లేవాడిని ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం చదివించండి. ఎనిమిదో తరగతిలో ఉన్నవాడు రెండో తరగతి వాచకం కూడబలుక్కుంటూ చదువుతుంటే అప్పుడు అర్థమవుతుంది. రోజుకి ఏడెనిమిది పీరియడ్లు, ఒక్క ముక్క అర్థం కాని చోట, కదలకుండా కూర్చోమంటే మీరైనా నేనైనా కూర్చోగలమా? వాడికి అల్లరి ఒక ముసుగు. చదువురానివాడు అనిపించుకోవడం కన్నా రౌడీ అనిపించుకోవడం వాడికి గౌరవంగా ఉంది. కొందరికి బోర్డు కనపడదు, కళ్లజోడు కావాలి. కొందరికి చెవి సరిగ్గా వినపడదు. కొందరు ఇంట్లో రాత్రంతా గొడవలతో నిద్రలేక వస్తారు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) లాంటి అభ్యసన సమస్యల్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది, అయినా మన స్టాఫ్ రూములో దానికి పేరు ఇంకా "మొద్దు" అనే. ఒకే పిల్లవాడి పేరు రిజిస్టర్‌లో పదేపదే వస్తుంటే పర్యవసానం పెంచకండి. కారణం వెతకండి, పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు బడికి వచ్చినప్పుడు వాడిని మొదట చూపించండి, రోజూ అరగంట చదవడం నేర్పే మాస్టారిని కేటాయించండి.

ఎగతాళి చెయ్యడం, ఏడిపించడం మాత్రం నేను చిన్నగా తీసుకోను. నత్తి ఉన్న అమ్మాయి పాఠం చదువుతుంటే అనుకరించి నవ్వించే కుర్రాడు ఉంటాడు. "సారీ చెప్పు" అంటాం, నేల చూపులు చూస్తూ గొణుగుతాడు, అయిపోయింది అనుకుంటాం. బాధపడ్డ పిల్లని అడగం. ఒకసారి అడిగితే ఆ పిల్ల అంది, "సారీ వద్దు సార్, నేను చదివేటప్పుడు నవ్వకుండా ఉంటే చాలు." దాంతో ఆ కుర్రాడు రెండు వారాలు తెలుగు పీరియడ్‌లో స్నేహితుల దగ్గర్నుంచి లేచి మాస్టారి పక్కన కూర్చున్నాడు. వెనక బెంచీలో నవ్వడానికి తోడు లేకపోయేసరికి నవ్వు దానంతటదే ఆగింది. ఏ పర్యవసానం అయినా నిర్ణయించే ముందు దెబ్బతిన్నవాళ్లకి ఏం కావాలో అడగడం మన అలవాటులో లేదు, చేర్చుకుందాం.

కొన్ని విషయాలు స్టాఫ్ రూములో తేల్చేవి కావు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, బడి పరువు అని పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చెయ్యడం నేరం. గంజాయి, కత్తులు, తలలు పగిలే కొట్లాటలు కూడా అంతే, వాటికి ముందు బెంచీ సరిపోదు. పిల్లలు ఇంట్లో ప్రమాదంలో ఉన్నారనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి.

ఇక మా టీచర్ల వైపు నుంచి మిమ్మల్ని అడగాల్సింది. 2024 డిసెంబరులో రాయచోటిలో ఒక మాస్టారు చనిపోయారు, విద్యార్థుల దాడి వల్లేనని ఆరోపణలు వచ్చాయి. ఆ వార్త తర్వాత పెద్ద తరగతుల్లో పిల్లవాడికి ఎదురు చెప్పాలంటే చాలామందికి నిజంగా టెన్షన్. మాకు బెత్తం తిరిగి ఇమ్మని అడగను, మీ అండ అడుగుతాను. స్టాఫ్ అంతా కలిసి ఒప్పుకున్న పర్యవసానం ఒక టీచర్ అమలు చేస్తే, ఊళ్లో ఎవరో వచ్చి అరిచారని మర్నాడు పొద్దున్నే దాన్ని రద్దు చెయ్యకండి. టీచర్ గీత దాటితే విడిగా పిలిచి చెప్పండి, పిల్లల ముందు చెప్పకండి. పిల్లవాడిని మీ గదికి పంపితే వాడితో ఆఫీసు ఫైళ్లు మోయించో, టీ తెప్పించో పంపకండి, అది వాడికి బహుమతి అయిపోతుంది. కొత్త టీచర్లకి మొదటి నెల పక్క క్లాసులో ఒక సీనియర్ ఉండేలా టైంటేబుల్ వెయ్యండి.

"ఒక్కో సెక్షన్‌లో యాభై మంది, ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిది" అంటారు. నిజమే, కష్టమే. నేనూ ఆ యాభై మందితోనే ఉన్నాను. కానీ ఇప్పుడు మాత్రం సమయం ఎక్కడ మిగులుతోంది? నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అరుపులకి, నిలబెట్టడానికి, ఉపన్యాసాలకి, మళ్లీ క్లాసు దారిలోకి తేవడానికి ఎంత పోతోందో ఒక రోజు గడియారం పెట్టుకుని చూడండి. అందరు టీచర్లూ ఒకే మాట మీద ఉంటే ఆగస్టుకల్లా ఆ సమయం చాలావరకు తిరిగొస్తుంది.

మీటింగ్‌లో ఏం చెయ్యాలంటే, పెద్ద హంగామా ఏమీ అక్కర్లేదు. మన బడిలో తరచూ జరిగే తప్పులు ఓ పదో పన్నెండో బోర్డు మీద రాయండి. ఒక్కోదాని పక్కన అందరూ ఒప్పుకునే చిన్న పర్యవసానం, ఆ తప్పుకి సంబంధం ఉన్నది, అదే రోజు అయిపోయేది రాయండి. పదో తరగతి పిల్లల్ని నలుగురిని కూడా పిలవండి, పిల్లలు మనకన్నా కఠినంగా ఉంటారు, మనమే తగ్గించాల్సి వస్తుంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి వాళ్లకి చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. ఆంధ్రాలో మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) జరిగే రోజు ఆ కాగితం అందరికీ చూపించొచ్చు. తర్వాత ప్రతి క్లాసు గోడకీ అంటించండి, అందరికీ తెలిసే తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, జరిగింది, చేసింది రాస్తూ పొండి, దసరా సెలవల ముందు ఒకసారి తిరగేసి పనిచెయ్యనివి కొట్టేసి మార్చండి. ఇందులో నేను చెప్పినవాటిలో మీ బడికి కుదరనివి ఉంటాయి, గురుకులాల్లో రాత్రిపూట డార్మిటరీ సమస్యలు నాకు తెలియనివి ఉంటాయి, అవి మీరు రాయండి, మీ దగ్గర పనిచేసినవి కూడా రాయండి, మా బడిలో చేసి చూస్తాం. మీటింగ్ తేదీ మాత్రం ఇవాళే వేసి సర్క్యులర్ మీద స్టాఫ్ చేత సంతకాలు పెట్టించండి.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (గణితం)